గట్టు మీద అంచనా, కళ్లంలో తూకం

మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి ఈసారి నన్ను పిలిచినప్పుడు, ఏ విషయం మీద మాట్లాడాలా అని వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఇరవై ఏళ్ల కిందట ఒక సంక్రాంతికి మాస్టారు నన్నొక ప్రశ్న అడిగారు. అప్పుడు నేనిచ్చిన జవాబు తప్పు. ఆ తర్వాత నా ఉద్యోగ జీవితమంతా ఆ ప్రశ్న వెంటే నడిచింది. ఈ సాయంత్రం దాన్నే మీ ముందు పెడతాను.

మాస్టారు మొదట్నుంచీ కంప్యూటర్ల మనిషి కాదని మీలో పాతవాళ్లకు తెలుసు. గణాంకశాస్త్రం చదివి, తొలి ఉద్యోగంలో పంట కోత ప్రయోగాలకు ఊళ్లు తిరిగారు. మాకు సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పాఠం చెబుతూ చెబుతూ వరిచేలోకి వెళ్లిపోయేవారు. పూర్వం దిగుబడి లెక్క ఎలా వచ్చేదో వివరించేవారు. గ్రామాధికారి గట్టు మీద నిలబడి చేను వైపు చూసి, పదహారణాల పంటలో ఇది పన్నెండణాలు, అది పదణాలు అని రాసేవాడు. దాన్ని అణావారీ అనేవారు. తాలూకా నుంచి ఢిల్లీ దాకా పోయే అంకెలకు పునాది ఆ చూపే. 1940ల్లో పి.వి. సుఖాత్మే వ్యవసాయ పరిశోధన మండలిలో ఉండగా ఈ తీరు మార్చారు. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి చేను ఎంచడం, అందులో ఒక మడిని కొలిచి తాడు కట్టడం, కోయడం, నూర్చడం, తూచడం. చేను ఎంపికలో ఎవరి ఇష్టానికీ చోటు లేదు. తూకంలో ఎవరి అభిప్రాయానికీ చోటు లేదు. కలకత్తాలో మహలనోబిస్ బృందం చిన్న చిన్న వృత్తాలుగా కోయించేది. అలా చిన్న మడి తీస్తే అంచున నిలిచిన దుబ్బులను తెలియకుండానే లోపలికి కలుపుకుంటారనీ, దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందనీ సుఖాత్మే వాదించారు. అంచున ఉన్న నాలుగు దుబ్బుల గురించి అంత పెద్ద శాస్త్రజ్ఞులు అంత పట్టుదలగా వాదించుకున్నారని చెబుతున్నప్పుడు మాస్టారి కళ్లు మెరిసేవి.

ఇక ఆ సంక్రాంతి సంగతి. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు లీడ్‌ని. పండక్కి వచ్చి, మాస్టారికి నా గొప్ప చెప్పుకోవడానికి వెళ్లాను. గొప్ప ఏమిటంటే, మా ప్రాజెక్టును ఆ ఏడాది మంచి అంచనాకు నమూనాగా కంపెనీ అంతటా చూపించారు. మేం 40 మనిషి-నెలలు, అంటే ఒక్క మనిషే చేస్తే 40 నెలలు పట్టే పని అన్నాం, పూర్తయ్యేసరికి 52 పట్టింది. 52లో 12 తప్పు, అంటే 23 శాతం. తప్పు 25 శాతం లోపుంటే మంచి అంచనా అన్నది పుస్తకాల్లో ఉన్న కొలబద్దే.

మాస్టారు అరిసెల పళ్లెం నా వైపు జరిపి అడిగారు.

"52 అని ఎవరు తూచారోయ్?"

"టైమ్‌షీట్లండీ."

"అవి నింపిందెవరు?"

"మేమేనండి."

"రోజుకు ఎన్ని గంటలు రాశారు?"

"ఎనిమిదండీ. అంతకన్నా ఎక్కువ వేస్తే ఆ గడి తీసుకోదు."

"మరి అసలు ఎంత పట్టింది?"

"కొంచెం అటూ ఇటూగా అంతేనండి" అన్నాను. అదీ నా తప్పు జవాబు.

ఆయన మరేం అనలేదు. నేనే నిద్రపట్టక, హైదరాబాద్ తిరిగి వెళ్లాక అసలు అంకె కోసం వెతికాను. అది ఉద్యోగుల్ని రాత్రిళ్లు ఇళ్లకు దింపే క్యాబ్‌ల రిజిస్టర్‌లో దొరికింది. పేరు, బయల్దేరిన టైము, దిగిన చోటు, సంతకం. క్యాబ్ డ్రైవర్‌కు మా అంచనాతో పనిలేదు. ఆయనకు కిలోమీటర్ల డబ్బు రావాలి, అందుకని టైము సరిగ్గా రాసుకున్నాడు. ఆ రాత్రిళ్లూ, శని ఆదివారాలూ కూడితే మా పని సుమారు 70 మనిషి-నెలలు. 40 అన్నది 43 శాతం తప్పు. ఇంకొక సంగతి నేను మాస్టారికి చెప్పకుండా దాచాను. నేను మొదట వేసిన అంచనా 64. బిడ్ వెళ్లే ముందు రోజు పైనుంచి మాట వచ్చింది, క్లయింట్ మనసులో 40 ఉందట, అంతకు మించితే పని రాదని. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి మాడ్యూల్ దగ్గరా కొంత కొంత తగ్గించుకుంటూ నేనే 40కి దింపాను. 70కి 64 పక్కన పెట్టి చూస్తే తప్పు 9 శాతం లోపే. అంటే మా పద్ధతి బాగా పనిచేసింది. దాన్ని పక్కన పెట్టి వేరే అంకె పంపాం. ఆ వేరే అంకెకు మెప్పు వచ్చింది.

ఆ టీమ్‌లో ఒకమ్మాయి అక్క పెళ్లికి ముహూర్తం వేళకు చేరలేకపోయింది. అప్పగింతలకు అందుకుంది. టైమ్‌షీట్‌లో ఆ రోజుకు కూడా ఎనిమిది గంటలే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ శ్రమ అంచనా పద్ధతుల కచ్చితత్వాన్ని ఎలా పరీక్షించాలి అన్నది నా అంశం. ఏ పద్ధతి గొప్పదని అడిగే ముందు, తూకం ఎలా వేశారు, కాటా ఎవరి చేతిలో ఉంది అని అడగాలని నా నమ్మకం. నలభై ఏళ్ల పరిశోధన చరిత్రను ఆ కోణంలోంచి చూపిస్తాను.

1981లో బ్యారీ బోయెమ్ రాసిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఎకనామిక్స్ వచ్చింది. మన విభాగం లైబ్రరీలో ఆ నీలిరంగు బైండు చేయించిన ప్రతి మీద మాస్టారి పెన్సిల్ గీతలు ఉండేవి. అమెరికాలోని టీఆర్‌డబ్ల్యూ కంపెనీలో 63 ప్రాజెక్టుల లెక్కలు తీసి బోయెమ్ కొకోమో అనే నమూనా కట్టారు. దాని తేలిక రూపంలో కావాల్సింది ఒకటే, ప్రోగ్రాం ఎన్ని వేల వరుసలు ఉంటుందో. చిన్న టీమ్, తెలిసిన పని అయితే 10 వేల వరుసలకు సుమారు 27 మనిషి-నెలలు. యంత్రాలతో గట్టిగా ముడిపడ్డ కఠినమైన పని అయితే అదే 10 వేల వరుసలకు 57. మాస్టారికి ఆ పుస్తకంలో నచ్చింది సూత్రం కన్నా రచయిత నిజాయితీ. తన తేలిక సూత్రం అసలు శ్రమకు 1.3 రెట్ల లోపు వచ్చింది 29 శాతం సార్లేననీ, రెండు రెట్ల లోపు చూసినా 60 శాతం సార్లేననీ బోయెమ్ తానే అచ్చువేశారు. 15 అంశాలతో సరిదిద్దిన మధ్యస్థ రూపం 20 శాతం తేడాలోపు 68 శాతం సార్లు వచ్చింది. 2022 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఈ రంగంలో ఆయన తర్వాత వచ్చిన చాలా పద్ధతులు తమ వైఫల్యాన్ని అంత స్పష్టంగా చెప్పుకోలేదు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఆ 68 శాతం తేలింది ఏ 63 ప్రాజెక్టుల మీద సూత్రం కట్టారో ఆ 63 మీదే. కొలత తీసుకున్న మనిషికే చొక్కా తొడిగి చూశారన్నమాట. పక్కవాడికి తొడిగితే ఏమవుతుందో 1987లో క్రిస్ కెమరర్ చూపించారు. ఆయన ఒక కన్సల్టింగ్ కంపెనీ చేసిన 15 వ్యాపార ప్రాజెక్టులు తీసుకుని నాలుగు పద్ధతుల్ని, ఎలా ఉన్నవాటిని అలాగే, పరీక్షించారు. సగటు తప్పు స్లిమ్‌కు సుమారు 772 శాతం, కొకోమోకు 600 ప్రాంతం, ఫంక్షన్ పాయింట్లకు 103, ఎస్టిమాక్స్‌కు 85. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ అంకెలు చూపించి, ఈ సూత్రాలన్నీ దండగ అని సీనియర్లు చెప్పేవారు.

కెమరర్ పత్రంలోనే ఇంకో పట్టిక ఉంది. ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకు అసలు శ్రమ ఎక్కి దిగుతుంటుంది కదా, ఆ ఎక్కుదిగుళ్లలో ఎంత భాగాన్ని పద్ధతి పట్టుకుందో చెప్పే పట్టిక. అందులో స్లిమ్ సుమారు 88 శాతం పట్టుకుంది. ఎస్టిమాక్స్ 13 శాతమే. మొదటి పట్టికలో అట్టడుగున ఉన్నది రెండో పట్టికలో అగ్రాన ఉంది. కారణం మన కిరాణా కొట్టువాళ్లకు తెలిసినదే. కాటా ఎప్పుడూ ఒకే వైపు ఒకే పాళ్లలో మొగ్గుతుంటే పాసంగం కట్టి సరిచేసుకోవచ్చు. ఒక్కో తూకానికి ఒక్కోలా ఊగే కాటాకు పాసంగం కట్టలేం. స్లిమ్ మొదటి రకం. రక్షణ, అంతరిక్ష రంగాల పనుల లెక్కలతో పుట్టిన సూత్రాలను కోబాల్‌లో రాసిన వ్యాపార ప్రోగ్రాముల మీద పాసంగం కట్టకుండా వాడితే ఎక్కువ చూపించాయి. కాబట్టి ఒక పద్ధతిని ఇంకోచోట పరీక్షించేవాళ్లు మొగ్గు ఎంత, ఊగిసలాట ఎంత అని విడదీసి చెప్పాలి. రెండింటినీ ఒకే శాతంలో కలిపేస్తే చదివినవాడికి ఏమీ తెలియదు.

ఇంకో చిన్న మాట, ఇక్కడే. ఈ పరీక్షల్లో చాలా వాటిలో పద్ధతికి ఇచ్చిన వరుసల సంఖ్య, ప్రాజెక్టు అయిపోయాక లెక్కపెట్టిన అసలు సంఖ్య. పెళ్లి వంట చేయించే ఆయన్ని అడగండి. విస్తరికి ఎంత బియ్యమో ఆయనకు నోటికి వచ్చు. ఎన్ని విస్తళ్లు లేస్తాయన్నదే ఆయన భయం. పెళ్లయ్యాక విస్తళ్లు లెక్కపెట్టి చెప్పి, ఇప్పుడు బియ్యం అంచనా వెయ్యమంటే అది పరీక్ష అవుతుందా? బోయెమ్ గీసిన గరాటు బొమ్మ ప్రకారం పని మొదట్లో వేసిన అంచనా అసలులో నాలుగో వంతు నుంచి నాలుగు రెట్ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. రెండు కొసలకూ మధ్య పదహారు రెట్లు. బిడ్లు వేసేది ఆ గరాటు వెడల్పు మూతి దగ్గరే.

ఇప్పుడు ఆహ్వానపత్రం వెనక్కి తిప్పి ఒక చిన్న లెక్క వేసుకోండి. మాస్టారు ఉంటే బోర్డు మీద వేయించేవారు.

చూడ్డానికి ఒకేలా ఉన్న మూడు ప్రాజెక్టులు. పూర్తయ్యాక పట్టిన శ్రమ 10, 20, 60 మనిషి-నెలలు. ముందుగా ముగ్గురు అంచనా వేశారు. మొదటివారు మూడింటికీ 30 అన్నారు. మొత్తం 90. అసలు మొత్తమూ 90. ఆమె మాట మీద బడ్జెట్ వేసిన కంపెనీ నష్టపోదు. రెండోవారు మూడింటికీ 10 అన్నారు. మొత్తం 30. అసలులో మూడో వంతు. మూడోవారు మూడింటికీ సున్నా అన్నారు, పనేమీ లేదని.

ఈ రంగంలో పాతికేళ్ల పాటు రాజ్యమేలిన కొలబద్ద ఏమిటంటే, తప్పును అసలు శ్రమతో భాగించి, ఆ నిష్పత్తులకు సగటు తీయడం. సాపేక్ష దోషాల సగటు అందాం. అది 25 శాతానికి మించకూడదనీ, నాలుగింట మూడు ప్రాజెక్టుల్లో తప్పు 25 శాతం లోపుండాలనీ 1986లో కాంటే, డన్స్‌మోర్, షెన్ తమ పుస్తకంలో పెట్టిన హద్దే, నా 23 శాతాన్ని గొప్పగా చూపించిన హద్దు. దాంతో మన ముగ్గుర్నీ తూచండి. 30 అన్న ఆమెకు 10 దగ్గర తప్పు 200 శాతం, 20 దగ్గర 50, 60 దగ్గర 50. సగటు 100 శాతం. 10 అన్నవారికి సున్నా, 50, 83. సగటు 44 శాతం. పనేమీ లేదన్నవారికి ప్రతిచోటా 100. సగటు 100 శాతం.

మొత్తం సరిగ్గా చెప్పిన ఆమె, పనేమీ లేదన్నవారితో సమానంగా నిలిచారు. మూడో వంతే చెప్పినవారు గెలిచారు.

కొలబద్ద ఎందుకు ఇలా తప్పుదారి పట్టిస్తుందంటే, తక్కువ అంచనాకు శిక్ష ఎంత పెద్దదైనా 100 శాతం దగ్గర ఆగిపోతుంది. ఎక్కువ అంచనాకు హద్దు లేదు. అందుకని ఈ కొలబద్దతో పోటీ పెడితే తక్కువ చెప్పే పద్ధతి ముందుకు వస్తుంది. 2003లో ఫాస్, స్టెన్స్‌రుడ్, కిచెన్‌హామ్, మిర్ట్‌వైట్ అనుకరణ ప్రయోగాలు చేసి ఈ సంగతే రుజువు చేశారు. సరైన నమూనాను పక్కన పెట్టి, తక్కువ చెప్పే నమూనాను ఈ కొలబద్ద ఎంచుకోవచ్చని చూపించారు. ఆ తర్వాతా ఏళ్ల తరబడి పత్రాలు దీనితోనే వచ్చాయి. మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ కొకోమోకు ఫజీ లాజిక్, న్యూరల్ నెట్‌వర్కులు జోడించి పరిశోధనలు జరిగాయి. అందులో కష్టం ఉంది, తెలివి ఉంది. ఆ పట్టికల్లో ఎన్ని శాతాలు ఈ మొగ్గు వల్ల వచ్చాయో మళ్లీ తూచి చూసే పని మాత్రం మిగిలే ఉంది. ఎంటెక్ విద్యార్థులకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు నాకు తోచదు.

నిష్పత్తి వద్దనుకుని తప్పును మనిషి-నెలల్లోనే సగటు తీస్తే? 30 అన్న ఆమెకూ 10 అన్నవారికీ చెరి 20 వస్తుంది. మధ్యగతమైన 20ని మూడింటికీ చెప్పినవారికి 17 కన్నా తక్కువే వస్తుంది, వారే గెలుస్తారు. తప్పుల్ని వర్గం చేసి కూడితే 30 గెలుస్తుంది. అవే మూడు ప్రాజెక్టులు, కొలబద్ద మారేసరికి గెలుపు మారింది. ఏ ఒక్క కొలబద్దా అందరికీ సరైనది కాదు. కంపెనీ మొత్తం బడ్జెట్ చూసేవారికి సగటు కావాలి. ఒక్క ప్రాజెక్టుకు మాట ఇచ్చేవారికి ఎంత మేరకు మించిపోవచ్చో తెలియాలి. అంచనా ఏ పనికో ముందు చెప్పకుండా కచ్చితత్వం గురించి మాట్లాడకూడదు.

2012లో మార్టిన్ షెపర్డ్, స్టీఫెన్ మెక్‌డోనెల్ ఇంకో ముఖ్యమైన ప్రశ్న అడిగారు. పద్ధతి ఏదీ లేకుండా, పాత ప్రాజెక్టుల అసలు అంకెలు చీటీల మీద రాసి కుండలో వేసి, ఒకటి తీసి అదే అంచనా అంటే తప్పు ఎంత వస్తుంది? మన మూడు ప్రాజెక్టుల్లో ఒక్కోదానికి మిగతా రెండింటి చీటీల్లోంచి తీసేవారి సగటు తప్పు సుమారు 33 మనిషి-నెలలు. ఏ పద్ధతైనా ముందు ఈ చీటీని గెలవాలి, ఎంత తేడాతో గెలిచిందో చెప్పాలి. వాళ్లు గతంలో అచ్చయిన కొన్ని ఫలితాలను ఇలా తిరిగి తూచితే, సాపేక్ష దోషాల సగటుతో తీసిన తీర్పులు కొన్ని నిలవలేదు. 2018 ప్రాంతంలో డీప్ లెర్నింగ్ వచ్చి, 16 ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల నుంచి తీసిన 23 వేల పైచిలుకు పనులకు స్టోరీ పాయింట్లు, అంటే పని బరువుకు టీమ్ ఇచ్చే మార్కులు, ఊహించింది. ఆ ఫలితాలను వేరే బృందం మళ్లీ చేసి చూస్తే, అంత పెద్ద యంత్రాంగం సాదా మధ్యగతాన్ని అన్నిచోట్లా గెలవలేకపోయింది. పాత దత్తాంశాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. కెనడాలో 1980ల నాటి 81 ప్రాజెక్టుల లెక్క ఈనాటికీ కొత్త అల్గారిథమ్‌లకు పరీక్షాపత్రంగా వాడుతున్నారు.

సూత్రాల మాట చాలు, మనుషుల దగ్గరికి వద్దాం. మన ఆఫీసుల్లో నూటికి ఎనభై అంచనాలు అనుభవజ్ఞులు నోటితో చెప్పేవే. ఎనభై అన్నది నా అనుభవంలోని మాట. నార్వేలో మాగ్నె యోర్గెన్‌సెన్ ఈ మనుషుల్ని జీవితకాలం పరిశీలించారు. నమూనాలనూ నిపుణులనూ పోల్చిన 15 అధ్యయనాలను ఆయన 2004లో సమీక్షిస్తే, ఐదింటిలో నిపుణులు మెరుగు, ఐదింటిలో నమూనాలు, మిగతా ఐదింటిలో తేడా లేదు. ఇంకొక ప్రయోగం నన్ను చాలాకాలం వెంటాడింది. 2007లో ఆయన, స్టీన్ గ్రిమ్‌స్టాడ్ కలిసి అనుభవమున్న ఏడుగురికి 60 పనులిచ్చి మూడు నెలల వ్యవధిలో అంచనా వేయించారు. అందులో ఆరు పనులు, వాళ్లకు తెలియకుండా, రెండుసార్లు వచ్చాయి. అదే మనిషి అదే పనికి వేసిన రెండు అంచనాల మధ్య తేడా సగటున 71 శాతం. అసలు శ్రమతో పోల్చకముందే, తనతో తనకే అంత తేడా. నేను చెప్పిన ఊగే కాటా ఇదే. నిపుణుడి కచ్చితత్వాన్ని కొలవాలంటే మొదట అదే పనిని కొన్నాళ్ల తర్వాత మళ్లీ ఇచ్చి చూడండి. ఖర్చు లేని పరీక్ష. నా ఉద్యోగంలో దీన్ని రెండే చోట్ల చేయించగలిగాను.

క్లయింట్ అనుకుంటున్న అంకె చెవిన పడితే నిపుణుల అంచనా ఎటు పోతుందో కూడా యోర్గెన్‌సెన్, షోబర్గ్ చూశారు. ఆ అంకెను పట్టించుకోవద్దని చెప్పినా అంచనా అటే లాగింది. తమ మీద దాని ప్రభావం పెద్దగా లేదని ఆ నిపుణులు నమ్మారు. నా 64 నుంచి 40కి దిగడం నాకు తెలిసి చేసింది. తెలియకుండా దిగినవి ఎన్నో నేను చెప్పలేను.

హైదరాబాద్, విశాఖ, బెంగళూరుల్లో బిడ్ల మీద బతికే మనవాళ్లకు మరీ దగ్గరి విషయం ఒకటుంది. ఐదు కంపెనీలు ఒకే పనికి అంచనా వేశాయనుకోండి. ఐదింటి పద్ధతీ మంచిదే, ఏ వైపూ మొగ్గనిదే. అయినా ఒకరు కొంచెం ఎక్కువ, ఒకరు కొంచెం తక్కువ చెబుతారు. పని తక్కువ చెప్పినవారికి వెళుతుంది. పూర్తయ్యాక తూస్తే అంచనా తక్కువైందని తేలుతుంది. తక్కువైంది కాబట్టే అది తూకం దాకా వచ్చింది. మిగతా నాలుగు అంచనాలకు అసలు అంకె ఎన్నటికీ రాదు. పూర్తయిన ప్రాజెక్టులను మాత్రమే ఏరి పద్ధతిని పరీక్షిస్తే మంచి పద్ధతి కూడా తక్కువ చెప్పేదిగా కనబడుతుంది. సుఖాత్మే యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక పట్టుకున్నది ఇలాంటి ఏరివేత రాకూడదనే. మనకు ఆ వీలు లేదు, నిజమే. కానీ ఓడిన బిడ్ల అంచనాలను దాచి, గెలిచినవాటి పక్కన పెట్టి చూడటానికి ఎవరూ అడ్డు లేరు.

అన్నిటికన్నా లోతైన చిక్కు వేరే ఉంది. పంట విషయంలో గ్రామాధికారి పన్నెండణాలు అన్నంత మాత్రాన చేను అటు పెరగదు, ఇటు తగ్గదు. సాఫ్ట్‌వేర్‌లో అంచనా చేను మీదే పనిచేస్తుంది. తారిక్ అబ్దుల్ హమీద్, స్టువార్ట్ మాడ్నిక్ 1986లో చెప్పిన మాట ఇది. అంచనా మారితే ప్రాజెక్టే మారిపోతుంది. తక్కువ చెబితే టెస్టింగ్ కుదించుకుపోతుంది, రాత్రిళ్లు పెరుగుతాయి, కొన్ని ఫీచర్లు తర్వాత చూద్దామని పక్కకు పోతాయి. ఎక్కువ చెబితే పని ఆ గడువు నిండేదాకా సాగుతుంది. రెండు వైపుల నుంచీ అసలు అంకె అంచనా వైపే జరుగుతుంది. తర్వాత ఆ రెంటినీ పోల్చి కచ్చితత్వం బాగుందంటాం. 25 శాతం లోపు వచ్చిన ప్రతి ప్రాజెక్టునూ విప్పి, ఏం వదిలేశారు, ఎవరి నిద్ర పోయింది అని అడగందే ఆ శాతానికి అర్థం లేదు. గో-లైవ్ తర్వాత ఆరు నెలల పాటు దిద్దిన బగ్‌ల శ్రమ ఏ ఖాతాలోకి పోయిందో కూడా చూడాలి. చాలాచోట్ల అది సపోర్ట్ కింద రాసుకుంటారు. అంచనా శుభ్రంగా బయటపడుతుంది.

ఇప్పుడు కోడ్ రాసే ఏఐ సాధనాలు వచ్చాయి, పాత లెక్కలన్నీ చెల్లవని అంటున్నారు. కొంత నిజమే కావచ్చు. కానీ 2025లో ఎంఈటీఆర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించి, కొన్నింటికి ఏఐ వాడనిచ్చి కొన్నింటికి వాడనివ్వకుండా, ఏ పనికి ఏదో చీటీ తీసినట్టు నిర్ణయించి చూసింది. ఏఐతో 24 శాతం సమయం ఆదా అవుతుందని వాళ్లు ముందు అంచనా వేశారు. పనయ్యాక 20 శాతం ఆదా అయిందని చెప్పారు. కొలిచి చూస్తే 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. సాధనాలు మెరుగవుతాయి, రేపు ఆ అంకె మారవచ్చు. నన్ను ఆపింది రెండో అంకె. పని చేసిన మనిషే, చేసిన వెంటనే, ఎంత పట్టిందో తప్పుగా చెప్పారు. ముందు చూపు తప్పడం మనకు తెలుసు. వెనక చూపు కూడా తప్పుతుంది. అందుకే టైమ్‌షీట్ శుక్రవారం సాయంత్రం జ్ఞాపకం మీద నింపే అలవాటు, గంటల గడి ఎనిమిది దగ్గర ఆగకపోయినా, తూకం అనిపించుకోదు.

మాస్టారి దగ్గర ఒక చేతిపుస్తకం ఉండేది. ఎడమ వైపు ఆయన అంచనా, తేదీతో, ఇంకుతో. కుడివైపు అసలు. పరీక్షపత్రాలు దిద్దడానికి పట్టే రోజులు, విభాగంలో ల్యాబ్ సర్దడానికి పట్టే రోజులు, అన్నీ. ఎడమ వైపు అంకె కొట్టివేసి తిరగరాసిన పేజీ ఒక్కటీ నేను చూడలేదు. దాని అచ్చులోనే నేనూ ఒకటి మొదలుపెట్టాను, మూడు గడులతో. నేను వేసిన అంచనా, క్లయింట్‌కు పంపిన అంకె, తూచిన అంకె. తూచిన అంకె టైమ్‌షీట్ నుంచి రాదు. క్యాబ్ రిజిస్టర్, బిల్డింగ్ గేటు దగ్గర స్వైప్ లాగ్, కోడ్ చెక్-ఇన్ల సమయాలు, ఇలా అంచనాతో సంబంధం లేని చోట నుంచి వస్తుంది. అది కూడా లోపం లేని తూకం కాదు. క్యాబ్ ఎక్కనివాళ్లు ఉంటారు, క్యాంటీన్‌లో కూర్చున్న గంటలుంటాయి. అంచున ఉన్న దుబ్బులు అక్కడా ఉంటాయి. కానీ ఆ లోపం ఎటు మొగ్గుతుందో చెప్పగలం.

పదహారేళ్లలో అలా 11 ప్రాజెక్టుల లెక్క నిలిచింది. కంపెనీల పేర్లూ మనుషుల పేర్లూ తీసేసి ఆ పట్టికను ఈ రోజు విభాగానికి ఇస్తున్నాను. 11 అంటే చాలా చిన్న దత్తాంశం, దాని మీద ఎవరూ సూత్రం కట్టకూడదని మొదటి పేజీలోనే రాశాను. నాలుగు ప్రాజెక్టులకు మూడో గడి ఖాళీగా ఉంది. ఆ కాలపు రిజిస్టర్లు నాకు దొరకలేదు. వాటిలో రెండింటిలో పనిచేసినవాళ్లు ముగ్గురు ఈ హాల్లోనే, వెనక వరుసల్లో ఉన్నారు. సభ అయ్యాక టీ దగ్గర కలుస్తాను. అప్పటి పాత డైరీలుగానీ, ఇంటికి చేసిన ఫోన్ బిల్లులుగానీ ఏమైనా మిగిలి ఉంటే చూసి చెప్పండి.